తలరాత నుంచి కొలత దాకా: జన్యు అభివ్యక్తి చరిత్రలో హైదరాబాదు

'అభివ్యక్తి' అన్న మాట సాహిత్య విద్యార్థికి కొత్తది కాదు. కవి మనసులో ఉన్నది మాటగా, లయగా, వాక్యంగా బయటపడటాన్ని మనం అభివ్యక్తి అంటున్నాం. వస్తువు ఎంత గొప్పదైనా అభివ్యక్తి లేనిదే రచన లేదని దశాబ్దాలుగా వాదించుకుంటున్నాం. జీవశాస్త్రం కూడా ఇదే మాటను వాడుకుంటోంది. కణంలో జన్యువు ఉండటం ఒక సంగతి. ఆ జన్యువు పనిలోకి దిగి మాంసకృత్తుగా బయటపడటం మరో సంగతి. ఈ రెండోదాన్నే జన్యు అభివ్యక్తి అంటారు. నా కంటిలో ఉన్న కణానికీ, నా కాలేయంలో ఉన్న కణానికీ జన్యువులు ఒకటే. ఏవి ఎక్కడ, ఎప్పుడు, ఎంత మేరకు పలుకుతాయన్న దగ్గరే తేడా వస్తుంది. ఆ 'ఎంత' అన్న ప్రశ్నకు మనుషులు జవాబు వెతికిన చరిత్ర ఈ వ్యాస విషయం.

దీన్ని సాహిత్య పత్రికలో ఎందుకు రాయాలని కొందరు మిత్రులు అడగవచ్చు. కారణం ఉంది. మన కథల్లో, సినిమాల్లో 'రక్తం' అనే మాట ఎంత పెత్తనం చేసిందో గుర్తు తెచ్చుకోండి. చిక్కడపల్లి నుంచి ఆర్టీసీ చౌరస్తా దాకా ఉన్న హాళ్లలో నా తరం చూసిన సినిమాల్లో, తప్పిపోయిన జమీందారు బిడ్డ కూలివాడి గుడిసెలో పెరిగినా చివరికి అతని 'రక్తం' బయటపడి తీరేది. పుట్టుకే గుణాన్ని నిర్ణయిస్తుందన్న నమ్మకం మీదే కులవ్యవస్థ నిలబడింది. ఇవాళ చదువుకున్నవాళ్లు తలరాత అనడానికి సిగ్గుపడి 'అది వాళ్ల జన్యువుల్లోనే ఉంది' అంటున్నారు. మాట మారింది, భావం మారలేదు. పాత కర్మసిద్ధాంతం ప్రయోగశాల కోటు తొడుక్కుని వస్తున్నప్పుడు, ఆ ప్రయోగశాలలో నిజంగా ఏం కొలిచారో తెలుసుకోవడం రచయిత బాధ్యత. ఆ కొలతల్లో కొన్ని మన హైదరాబాదులోనే జరిగాయి.

రెండు పెడదారులు

20వ శతాబ్దంలో వంశపారంపర్యం గురించిన ఆలోచన రెండు పెడదారులు పట్టింది. మొదటిది జన్యువే సర్వస్వం అన్నది. అమెరికాలో వేలాదిమందికి బలవంతంగా పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్సలు చేయించినదీ, హిట్లరు జర్మనీలో మారణహోమానికి సాకుగా నిలిచినదీ ఈ ఆలోచనే. రెండోది దీనికి విరుగుడు అనుకుని పుట్టింది. సోవియట్ దేశంలో లైసెంకో జన్యువులనే నిరాకరించాడు. పరిసరాలను మారిస్తే వంశ లక్షణాలే మారిపోతాయన్నాడు. 1948 ఆగస్టులో అక్కడి వ్యవసాయ శాస్త్ర అకాడెమీ సమావేశం అతని వాదాన్నే అధికార సిద్ధాంతం చేసి జన్యుశాస్త్రాన్ని వెలివేసింది. అంతకు ఐదేళ్ల ముందే, 1943లో, మొక్కల జన్యుశాస్త్రంలో మహా పండితుడైన వావిలోవ్ సరాతోవ్ జైలులో చనిపోయాడు. మొదటి పెడదారిని ఖండించినంత గట్టిగా రెండోదాన్ని ఖండించిన అభ్యుదయవాదులు ఆనాడు ప్రపంచంలో తక్కువ.

ఆ తక్కువమందిలో ఒకడు జాక్ మోనో. నాజీ ఆక్రమణ కాలంలో ఫ్రెంచి ప్రతిఘటన పోరాటంలో పాల్గొన్నవాడు. 1948లోనే పత్రికాముఖంగా లైసెంకో వాదాన్ని ఎండగట్టాడు. పరిసరాలకు, జన్యువుకు ఉన్న అసలు సంబంధాన్ని ప్రయోగపూర్వకంగా చూపించినవాళ్లలో ముఖ్యుడు కూడా ఈ మోనోయే కావడం గమనించదగ్గది. పేగుల్లో ఉండే ఒక సూక్ష్మజీవికి పాలచక్కెర అందనప్పుడు, దాన్ని అరిగించే ఎంజైము దానిలో దాదాపు ఉండదు. పాలచక్కెర వేస్తే కొద్ది నిమిషాల్లో ఆ ఎంజైము పెరగడం మొదలై సుమారు వెయ్యి రెట్లకు చేరుతుంది. చక్కెర అయిపోతే ఉత్పత్తి ఆగుతుంది. దీన్ని కొలవడానికి వాడిన ఉపాయం చాలా సులువైనది. ఎంజైము తాకితే పసుపురంగు వచ్చే ఒక రసాయనాన్ని వేసి, రంగు ఎంత చిక్కబడిందో చూడటం.

లైసెంకో చూసి ఉంటే ఇదిగో పరిసరాల ప్రభావం అనేవాడే. అయితే మోనో, జాకబ్‌లు 1961లో నిరూపించింది వేరు. పాలచక్కెర జన్యువును మార్చలేదు. జన్యువు మీద ఉన్న ఒక తాళాన్ని తీసింది. వంశపారంపర్యంగా వచ్చింది తాళంతో సహా వచ్చింది. తాళం తీసేది మాత్రం పరిసరం. ఈ ఒక్క ప్రయోగంతో రెండు పెడదారులూ మూసుకుపోయాయి. 1965లో లోఫ్‌తో కలిపి ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

జన్యువుకూ మాంసకృత్తుకూ మధ్య ఒక దూత ఉందని కూడా 1961లోనే తేలింది. అదే సందేశ ఆర్.ఎన్.ఏ. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో చదువుకున్నవాళ్లకు దీన్ని వివరించడం తేలిక. కొన్ని అరుదైన పుస్తకాలను ఇంటికి ఇవ్వరు. కావలసిన పుటలకు నకలు రాసుకుని తీసుకుపోవాలి. కణంలో మూలప్రతి డి.ఎన్.ఏ.; నకలు సందేశ ఆర్.ఎన్.ఏ.; ఆ నకలు చూసి చేసిన వస్తువు మాంసకృత్తు. అందుచేత జన్యువు ఎంత పలుకుతోందో తెలియాలంటే నకళ్లను లెక్కపెట్టాలి, లేదా వస్తువులను లెక్కపెట్టాలి. ఆ తర్వాత వచ్చిన కొలత పద్ధతులన్నీ ఈ రెండు దారుల్లోనే నడిచాయి.

భీమవరం నుంచి బోస్టన్‌కు

రంగు చిక్కదనంతో శరీరంలోని పదార్థాన్ని కొలిచే విద్యలో మన తెలుగువాడి చేయి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను నీలిరంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రకటించాడు. తరతరాల జీవరసాయన విద్యార్థులు ఆ పద్ధతితోనే ప్రయోగశాలలో అక్షరాభ్యాసం చేశారు. సుబ్బారావు గురించి మనం చాలా గర్వంగా చెప్పుకుంటాం. అయితే ఆయన కృషికీ, జన్యు అభివ్యక్తి కొలతకూ ఉన్న ఒక సంబంధాన్ని మాత్రం ఎక్కువగా చెప్పుకోం.

అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లానికి విరోధి మందులు తయారయ్యాయి. వాటిలో ఒకదాన్ని బోస్టన్‌లో ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సరుతో ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందికి తాత్కాలికంగా గుణం కనిపించిందని 1948లో ప్రకటించాడు. సుబ్బారావు ఆ సంవత్సరమే కన్నుమూశాడు. ఆ కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ క్యాన్సరుకు, కీళ్లవాతానికి వాడుతున్న మందు. ఈ మందు కణంలో ఒకానొక ఎంజైమును అడ్డుకుంటుంది. కానీ కొంతకాలానికి క్యాన్సరు కణాలు మందుకు లొంగడం మానేసేవి. ఎందుకని?

1978లో స్టాన్‌ఫర్డ్‌లో షిమ్కే బృందం ఆ ప్రశ్నకు మెట్టుమెట్టుగా జవాబు రాబట్టింది. మందుకు అలవాటుపడిన ఎలుక కణాల్లో ఆ ఎంజైము వందల రెట్లు పెరిగింది. అయితే మాంసకృత్తు పెరిగిందని తేలడంతో వాళ్లు ఆగలేదు. సందేశ ఆర్.ఎన్.ఏ.ను కొలిచారు, అదీ ఆ లెక్కలోనే పెరిగింది. జన్యువునే లెక్కపెట్టారు. ఒక్కో కణంలో ఆ జన్యువుకు వందలకొద్దీ ప్రతులు పుట్టుకొచ్చాయి! కొన్ని రకాల కణాల్లో మందు ఆపేస్తే ఆ ప్రతులు క్రమంగా తగ్గిపోయాయి కూడా. తెలుగు శాస్త్రజ్ఞుడి ప్రయోగశాలలో పుట్టిన మందు, జన్యువుకూ అభివ్యక్తికీ ఉన్న లెక్కను విప్పే సాధనమైంది. ఈ కథలో నాకు నచ్చిన సంగతి, ఒక్క కొలత దగ్గర ఆగకుండా మూడు అంచెలనూ కొలవడం. అలా ఆగిపోతే ఏమవుతుందో మన ఊరి అనుభవమే చెబుతుంది.

తార్నాక చెప్పిన పాఠం

కూనూరులో 1918లో మెకారిసన్ మొదలుపెట్టిన పోషకాహార పరిశోధన 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. ఒళ్లంతా ఉబ్బి, జుట్టు రంగు మారి, పలకరిస్తే ఏడుపు తప్ప మరొకటి లేని పిల్లల జబ్బును, అంటే క్వాషియార్కర్‌ను, సి. గోపాలన్, ఆయన సహచరులు ఏళ్ల తరబడి పరిశీలించారు. అలాంటి బిడ్డ రక్తంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు బాగా పడిపోయి ఉంటుంది. ఆల్బుమిన్‌ను తయారుచేసేది కాలేయం. దాని జన్యువు ఎక్కడికీ పోలేదు. చదవవలసిన గ్రంథం అలమారలో భద్రంగా ఉంది. ముడిసరుకు లేక పని కుంటుపడింది. అభివ్యక్తి అన్న మాట ఇంకా వాడుకలోకి రాకముందే హైదరాబాదులో కొలుస్తున్నది దాన్నే.

రక్తంలో మాంసకృత్తు తక్కువ అన్నది సరైన కొలత. దాని నుంచి ప్రపంచం లాగిన తీర్మానం మాత్రం సరైనది కాదు. పేదదేశాల తిండిలో లోపించింది మాంసకృత్తులేనని పెద్దపెద్ద నిపుణులు తేల్చారు. ముంచుకొస్తున్న 'మాంసకృత్తుల సంక్షోభం' గురించి ఐక్యరాజ్యసమితి 1968లో నివేదికే వేసింది. ప్రత్యేక మాంసకృత్తుల పొడులు, బిస్కెట్లు బయలుదేరాయి. గోపాలన్ బృందం వాదన దీనికి భిన్నమైనది. ఉబ్బిపోయే బిడ్డా, ఎముకలగూడుగా ఎండిపోయే బిడ్డా ఒకే రకం తిండి తింటున్నారని వాళ్లు గమనించారు. ఆ ఇళ్లలో రోజూ వండుకునే తిండే బిడ్డ కడుపునిండా తింటే మాంసకృత్తుల కొరత కూడా చాలావరకు తీరిపోతుందని చూపించారు. లోపించింది ఏదో ఒక ప్రత్యేక పదార్థం కాదు, తిండే. 1974లో మెక్‌లారెన్ ఈ మాంసకృత్తుల హడావిడి మొత్తాన్ని ఘోర వైఫల్యంగా వర్ణిస్తూ లాన్సెట్ పత్రికలో రాశాడు.

ఆకలికి ఇంకో పేరు పెడితే దాన్ని డబ్బాలో పెట్టి అమ్మవచ్చు. ఆకలిని ఆకలి అంటే కూలిరేట్ల గురించి, రేషను గురించి మాట్లాడవలసి వస్తుంది. అంకె దానంతట అది అబద్ధం చెప్పదు. అంకెను ఏ ప్రశ్నకు జవాబుగా నిలబెడుతున్నామన్న దగ్గరే రాజకీయం ప్రవేశిస్తుంది.

హబ్సిగూడ, నారాయణగూడ

1977లో ప్రాంతీయ పరిశోధనశాల ఆవరణలోనే కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, అంటే మనం సీసీఎంబీ అని పిలుచుకునేది, రూపం పోసుకుంది. దాని వ్యవస్థాపకుడు పుష్ప మిత్ర భార్గవ. శాస్త్రీయ దృక్పథం కోసం జీవితమంతా వాదించి, 2015 అక్టోబరులో రచయితలు పురస్కారాలు వాపసు ఇస్తున్న రోజుల్లో తన పద్మభూషణ్‌ను తిరిగి ఇచ్చినవాడిగా మన పాఠకులకు ఆయన తెలుసు. ఆయన ప్రయోగశాల పని అంతగా తెలియదు. 1979లో ఇ.ఎస్.పి. రెడ్డి, భార్గవ కలిసి నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రకటించారు. ఎద్దు వీర్యద్రవంలో దొరికిన ఒక మాంసకృత్తు సూక్ష్మజీవులను చంపుతుంది. ఎలాగంటే, వాటి కణంలో ఆర్.ఎన్.ఏ. తయారీని ఆపడం ద్వారా. ఇలాంటి కొలతకు ఆ కాలంలో రేడియోధార్మిక ముడిసరుకు వాడేవారు. దాన్ని కణానికి అందించి, కొత్తగా తయారైన ఆర్.ఎన్.ఏ.లోకి అది ఎంత చేరిందో లెక్కపెట్టేవారు.

ఆ దశాబ్దంలో పద్ధతులు వరసగా వచ్చాయి. 1975లో సదరన్ అనే శాస్త్రజ్ఞుడు డి.ఎన్.ఏ.ను పొరమీదికి అద్ది గుర్తించే పద్ధతి కనిపెట్టాడు. సదరన్ అంటే దక్షిణం కదా అని 1977లో ఆర్.ఎన్.ఏ.ను అద్దే పద్ధతికి 'నార్దరన్' అనీ, 1979లో వచ్చిన మాంసకృత్తులను అద్దే పద్ధతికి తర్వాత 'వెస్టరన్' అనీ పేర్లు పెట్టారు. ప్రయోగశాలల్లో శ్లేషకు కొదవలేదు. 1995లో ఒక గాజుపలక మీద 45 మొక్క జన్యువుల పలుకును ఒకేసారి కొలిచారు. ఇవాళ ఒక కణజాలంలోని నకళ్లన్నిటినీ చదివేస్తున్నారు.

వీటన్నిటిలో జనసామాన్యానికి తెలిసిన పేరు ఒక్కటే: ఆర్.టి.పి.సి.ఆర్. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ మా తరానికి కుక్కకాటు ఇంజక్షన్ల ఆసుపత్రి. బొడ్డుచుట్టూ 14 సూదులన్న భయంతో ఆ గేటు ముందు నిలబడిన పిల్లల్లో నేనూ ఒకణ్ణి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు రాష్ట్రంలో ఆ పరీక్షలు చేసిన ప్రభుత్వ ప్రయోగశాలల్లో అదీ ఒకటి. ఊరంతా 'పాజిటివా, నెగటివా' అని అడిగింది. ఆ యంత్రం లోపల జరిగేది మాత్రం జన్యు అభివ్యక్తిని కొలిచే పనే. 1970లో టెమిన్, బాల్టిమోర్ విడివిడిగా కనిపెట్టిన ఎంజైముతో ఆర్.ఎన్.ఏ.ను డి.ఎన్.ఏ.గా తిరగరాస్తారు. తర్వాత ఆ డి.ఎన్.ఏ.ను ఆవృత్తి ఆవృత్తికీ రెట్టింపు చేస్తారు. వెలుగు కనిపించడానికి ఎన్ని ఆవృత్తులు పట్టాయో అదే కొలత. ఒక ఆవృత్తి తేడా అంటే రెండు రెట్లు. పది ఆవృత్తుల తేడా అంటే 1024 రెట్లు. వైరస్ ఆర్.ఎన్.ఏ. బదులు మన కాలేయపు నకళ్లను పెడితే, అదే యంత్రం ఏ జన్యువు ఎంత పలుకుతోందో చెబుతుంది. ఆ సంవత్సరమే సీసీఎంబీ పొడి పుల్లతో నమూనా తీసి, ఆర్.ఎన్.ఏ.ను విడిగా శుద్ధి చేయకుండానే పరీక్షించే చౌక పద్ధతిని రూపొందించింది. నవంబరులో దానికి అనుమతి వచ్చింది. ప్రజల డబ్బుతో నడిచే ప్రయోగశాలలు ఆపదలో ఎందుకు పనికొస్తాయో చెప్పడానికి వేరే వాదన అక్కర్లేదు.

దేనితో పోల్చి?

కొలత అంటే పోలిక. ఒక జన్యువు 'మూడు రెట్లు పెరిగింది' అంటే వెంటనే అడగవలసింది: దేనికంటే? తీసుకున్న నమూనాయే ఎక్కువైతే అన్నీ ఎక్కువగానే కనిపిస్తాయి. అందుకే అన్ని పరిస్థితుల్లోనూ దాదాపు ఒకేలా పలికే మరో జన్యువును పక్కన పెట్టుకుని పోలుస్తారు. ఆ పక్కవాడే ప్రయోగంలో మారిపోతే లెక్కంతా తప్పుతుంది. అలాగే నకళ్ల లెక్కా, మాంసకృత్తుల లెక్కా ఒకటి కావు. 1999లో ఈస్టు కణాల మీద చేసిన పరిశోధనలో, నకళ్లు సమానంగా ఉన్న కొన్ని జన్యువుల మాంసకృత్తుల్లో 20 రెట్లకు పైగా తేడా కనిపించింది. వెయ్యి ప్రతులు అచ్చయిన పుస్తకాన్ని వెయ్యిమంది చదివారని చెప్పలేం కదా!

ఈ జాగ్రత్త తప్పితే నష్టం రోగులకే. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం నుంచి 2006లో ఒక పరిశోధన వెలువడింది. కణితిలోని జన్యువుల పలుకును చూసి ఏ రోగికి ఏ క్యాన్సరు మందు పనిచేస్తుందో చెప్పగలమన్నారు. దాని ఆధారంగా రోగుల మీద ప్రయోగాలూ మొదలయ్యాయి. హ్యూస్టన్‌లో బాగర్లీ, కూంబ్స్ అనే ఇద్దరు గణాంక శాస్త్రజ్ఞులు ఆ అంకెలను ఓపికగా తిరగేశారు. జాబితాలో జన్యువుల పేర్లు ఒక వరస కిందికి జరిగిపోయి ఉన్నాయి. ఒకదాని అంకె మరొకదాని పేరు పక్కన పడింది. ఇంకా ఘోరమైన లోపాలూ బయటపడ్డాయి. చివరికి 2011లో ఆ పత్రాన్ని ఉపసంహరించారు. పాఠ పరిష్కరణ చేసేవాడు ఒక పంక్తి జారిపోతే అర్థం చెడుతుంది. ఇక్కడ పంక్తి జారితే చెడేది చికిత్స.

తల్లి తిన్న తిండి

ఇక తలరాత ప్రశ్నకు తిరిగి వద్దాం. 1944-45 చలికాలంలో నాజీల దిగ్బంధంతో హాలండులో కరువు వచ్చింది. ఆ రోజుల్లో తల్లి కడుపున పడినవారిని ఆరు దశాబ్దాల తర్వాత వాళ్ల తోబుట్టువులతో పోల్చి చూశారు. ఎదుగుదలకు సంబంధించిన ఒక జన్యువు మీద, దాని పలుకును అదుపుచేసే రసాయనిక గుర్తులు తేడాగా ఉన్నాయని 2008లో ప్రకటించారు. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ శాస్త్రజ్ఞులు మరికొందరితో కలిసి ఎలుకల మీద పనిచేశారు. ఫోలేట్, విటమిన్ బి12 తక్కువైన తిండి తిన్న తల్లుల పిల్లల్లో ఒంటి కొవ్వు, దాని జీవక్రియ మారాయని 2013లో ప్రచురించారు. అక్షరం మారలేదు. ఏది బిగ్గరగా చదవాలో, ఏది మౌనంగా దాటాలో మారింది.

ఇక్కడ రచయితలు ఒక ప్రమాదాన్ని గమనించాలి. 'తల్లి తిన్న తిండే బిడ్డ తలరాత' అని దీన్ని కొత్త కర్మసిద్ధాంతంగా తిప్పడం సులువు. అప్పుడు నేరం తల్లి మెడకు చుట్టుకుంటుంది. ఆ ఎలుకకు ఏం పెట్టాలో నిర్ణయించింది ఎలుక కాదు. మనుషుల లోకంలో గర్భిణి కంచంలో ఏముండాలో కూలి, ధర, కులం, ఇంట్లో ఎవరు ముందు తినాలన్న ఆచారం నిర్ణయిస్తున్నాయి. కొలత మనకు చెప్పేది, మారిన పరిస్థితి శరీరం దాకా చేరుతుందని. పరిస్థితిని మార్చవచ్చన్న మాట చెప్పవలసింది మనం.

తెలుగులో చెప్పవలసిన పని

1906లో హైదరాబాదులోనే కొమర్రాజు లక్ష్మణరావు, ఆయన మిత్రులు విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి చరిత్రనూ, విజ్ఞానశాస్త్రాన్నీ తెలుగులో చెప్పడానికి పూనుకున్నారు. నారాయణగూడకు కూతవేటు దూరంలో హిమాయత్‌నగర్‌లో 1968లో ఏర్పడిన తెలుగు అకాడెమీ పాఠ్యపుస్తకాలు, పారిభాషిక పదాలు సమకూర్చింది. పదాలు వచ్చాయి, కథనం రాలేదు. అశోక్‌నగర్ గదుల్లో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలను అడగండి. సీసీఎంబీ ఎక్కడుందో, పి.సి.ఆర్. అంటే ఏమిటో తడుముకోకుండా చెబుతారు. జిల్లాల నుంచి వచ్చి, మెస్సులో తిని, గ్రంథాలయం మెట్ల మీద రాత్రి దాకా చదివే తెలివైన పిల్లలు వాళ్లు. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవడం నేర్పుతున్నాం. ఆ జవాబు కోసం ఎవరు ఏం కొలిచారో, దేనితో పోల్చారో, ఎవరికి మేలు జరిగిందో చెప్పడం లేదు.

ఆ పని సాహిత్యకారులు చేయగలరు. పంక్తికీ పంక్తికీ మధ్య ఏముందో చూడటం, 'ఎవరితో పోల్చి ఈ మాట అంటున్నారు' అని నిలదీయడం విమర్శకుడి చేతిలో ఉన్న విద్యే. 'రక్తంలోనే ఉంది' అన్న పాత్రను ఇకమీద ఎవరైనా సృష్టిస్తే, ఆ రక్తంలో ఆల్బుమిన్ ఎంతో, ఆ మనిషి నిన్న రాత్రి ఏం తిన్నాడో అడిగే పాఠకుణ్ణి తయారుచేయాలి.